మైదుకూరులో ఒక చేయి, ఒక పికప్పు

2022 మార్చి నాటికి కడపలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా నాకు పదకొండేళ్ల అనుభవం. పక్షవాతంతో కాలూ చేయీ పడిపోయినవాళ్లకు మళ్లీ కదలిక నేర్పించడం నా పని. వారంలో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండేదాన్ని. మంగళవారం, శనివారం మాత్రం కర్నూలు వైపు పోయే బస్సెక్కి మైదుకూరులో దిగి, ఆసుపత్రిదాకా రాలేని వాళ్ల ఇళ్లకు వెళ్లేదాన్ని. మాది రాజంపేట దగ్గర పల్లె కావడంతో ఆ ఇళ్లలో మాటా మర్యాదా నాకు కొత్తగా అనిపించేవి కావు. ఇన్నేళ్లలో ఎన్నో చేతులు పట్టుకున్నాను. నీ పనిలో నువ్వు గర్వంగా చెప్పుకునే కేసు ఏదని ఎవరైనా అడిగితే మాత్రం మొదట గుర్తొచ్చేది యేసురత్నం కుడిచేయే.

ఆయనకు అప్పుడు యాభై ఆరేళ్లు. డీజిల్ మెకానిక్. మైదుకూరులో ముప్పై ఏళ్లుగా సొంత షెడ్డు. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున లారీ కింద పడుకుని పని చేస్తుంటే పానా చేతిలోంచి జారిందట. తీసుకోబోతే చేయి లేవలేదు. పిలవబోతే నోరు రాలేదు. లారీ డ్రైవరే చూసి బయటికి లాగి ఆసుపత్రికి తెచ్చాడు.

మెదడులో ఎడమ పక్క రక్తనాళం మూసుకుపోతే ఒంట్లో కుడి పక్క పడిపోతుంది. చాలామందికి మాటను నడిపేది కూడా ఆ ఎడమ పక్కే కాబట్టి మాటా పోతుంది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్నది మాత్రం నోటికి అందదు. దీన్నే అఫేసియా అంటాం. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లేసరికి రత్నమన్నకు మిగిలిన మాటలు మూడే. 'వద్దు', 'అది', 'సరే'. ఆ మూడింటిలో నాకు ఎక్కువగా దక్కింది 'వద్దు'.

కాలు త్వరగానే దారికొచ్చింది. రెండు నెలల్లో నాలుగు కాళ్ల చేతికర్ర పట్టుకుని వాకిలిదాకా నడిచాడు. చేయి మాత్రం మొండికేసింది. వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని పిడికిలి బిగుసుకుపోయింది. కండరాలు మన ఇష్టంతో పని లేకుండా ఇలా బిగుసుకోవడాన్ని స్పాస్టిసిటీ అంటాం. నేను ఒక్కొక్క వేలూ సాగదీసి తెరిచేదాన్ని. వదిలిన నిమిషానికి మళ్లీ మూసుకునేది. పెగ్‌బోర్డు తీసుకుపోయాను. అది చిల్లులున్న చెక్క. రంగురంగుల ప్లాస్టిక్ పుల్లలు ఒక్కొక్కటీ తీసి ఆ చిల్లుల్లో నిలబెట్టాలి. రత్నమన్న దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఎడమచేత్తో మంచం కిందికి తోసేశాడు.

ఆయన భార్య సుగుణమ్మ పుల్లలు ఏరి నా చేతికిచ్చింది. "కోపం పెట్టుకోవద్దు మేడం. ఇంజన్లు విప్పిన చేతికి పిల్లోళ్ల ఆటబొమ్మలిస్తే ఎట్లుంటాది చెప్పు."

అప్పుడు ఆ మాట నా తలకెక్కలేదు. రోగికి పట్టుదల లేదని నా పుస్తకంలో రాసుకున్నాను. మా పనిలో అది చాలా సులువుగా రాసే మాట.

పక్షవాతం తర్వాత కదలిక ఎక్కువగా తిరిగొచ్చేది మొదటి ఆరు నెలల్లోనే. ఆ తర్వాత రాదని కాదు, బాగా నెమ్మదిస్తుంది. జూన్ వచ్చేసరికి నాలుగు నెలలు కరిగిపోయాయి. చేయి మాత్రం తెరుచుకోలేదు.

జూన్ నెలలో ఒక శనివారం వాళ్లింటికి వెళితే మంచం ఖాళీగా ఉంది. సుగుణమ్మ పెరట్లోకి చేయి చూపించింది. ఇంటి పక్కన రేకుల పందిరి కింద ఒక పాత పికప్పు ఉండేది. వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. టైర్లు నేలకు అంటుకుపోయి, బాడీకి తుప్పు పట్టి, ముందు అద్దం మీద వేలెడు మందాన దుమ్ము పేరుకుంది. వెనక తొట్టిలో కట్టెలు, చిరిగిన గోనెసంచులు.

"ఏం బండక్కా అది?"

"బండి కాదు మేడం, నా సవితి" అంది సుగుణమ్మ. "ఎనిమిదేండ్ల కింద యాడనో మూలన పడుంటే కొనుక్కొచ్చినాడు. ఊర్లో అందరి బండ్లూ బాగు చేసె. దీనికి మాత్రం వచ్చే నెల, ఆ పై నెల అంటానే ఉన్నె. ఇప్పుడు దాని కింద పాములు చేరతాండాయి. రేపు పాత ఇనుమాయప్ప వస్తాండాడు, ఇచ్చేస్తాండా. ఆ సంగతి చెప్పినప్పట్నించీ అన్నం ముట్టలేదు."

రత్నమన్న పికప్పు బానెట్ పక్కన నిలబడి ఉన్నాడు. చేతికర్రను బంపర్‌కు ఆనించాడు. ఎడమచేత్తో కుడిచేయిని ఎత్తి మడ్‌గార్డు మీద పెట్టుకుని దాని మీద ఒళ్లంతా వాల్చి లోపలికి చూస్తున్నాడు. నేను దగ్గరికి పోయి ఆగిపోయాను. రేకు మీద ఆనిన కుడిచేతి వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. పూర్తిగా కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చాపుకుని, రేకు మీద దుమ్మును అటూ ఇటూ రాస్తున్నాయి.

చేయి మీద బరువు మోపితే బిగువు తగ్గుతుందని మా చదువులోనే ఉంది. అదే పని నేను మంచం మీద నెలల తరబడి చేయించాను. అక్కడ తెరుచుకోని వేళ్లు ఇక్కడ తెరుచుకున్నాయి. ఆయన అసలు తన చేయి వైపే చూడటం లేదు.

"అన్నా, ఈ బండి అమ్మేస్తారంట కదా?" అన్నాను.

"వద్దు" అన్నాడు. నాకు అన్నిసార్లు చెప్పిన మాటే. ఈసారి కళ్లలో నీళ్లు.

నేను సుగుణమ్మ వైపు తిరిగాను. "అక్కా, ఆ ఇనుమాయనకు రెండు నెలలాగి రమ్మని చెప్పు. ఇంక ఎక్సర్‌సైజులన్నీ ఈ బండి దగ్గరే చేయిస్తా."

ఆమె ముఖం మారిపోయింది. "నువ్వు వైద్యం చేయను వస్తివా, మనిషితో బండి పని చేయించను వస్తివా? పడితే ఎవురు జవాబు?"

"నేనే అక్కా."

ధైర్యంగానే అన్నాను కానీ తిరుగు బస్సులో కూర్చున్నాక ఆయన ఎక్కడెక్కడ పడే ప్రమాదముందో ఒక్కొక్కటీ పుస్తకంలో రాసుకున్నాను.

మరుసటి మంగళవారానికి నా పథకం సిద్ధమైంది. ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు బీపీ చూడాలి. ఎక్కువుంటే ఆ రోజు పని లేదు. బరువులు ఎత్తకూడదు, బండి కిందికి దూరకూడదు. నిలబడి చేసే పనులప్పుడు నడుముకు కట్టిన వెడల్పాటి పట్టీని పట్టుకుని నేనో సుగుణమ్మో వెనక ఉండాలి. బరువు పనులు ఆయన స్నేహితుడు ఖాదర్ బాషా చేస్తాడు. ఖాదర్ బాషాది ఆ వీధి చివర లేత్ షాపు. ఇనుప కడ్డీలను తిప్పి చెక్కి బండి భాగాలు తయారు చేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ పొద్దున టీ కలిసే తాగేవాళ్లు. నేను సంగతి చెప్పగానే ఆయన రెండో మాట అడగలేదు.

"అరే రత్నం, మొత్తానికి నీ బండికి ముహూర్తం పెట్టినావప్పా! దీనికోసం పక్షవాతం తెచ్చుకోవల్లనా?" అని నవ్వాడు. రత్నమన్న కూడా నవ్వాడు. పెదవి ఒక పక్కకే పోయింది. అయినా నవ్వే.

మొదటి పాఠం నట్లు. విప్పిన నట్లన్నీ డీజిల్ గిన్నెలో నానేస్తే ఆయన స్టూలు మీద కూర్చుని కుడిచేత్తోనే ఒక్కొక్కటీ తీసి సైజుల వారీగా మూతల్లో వేయాలి. ఇది పెగ్‌బోర్డు చేయించే పనే. ఈసారి తోసేయలేదు. మొదటి రోజు గంటకు ఆరు నట్లు తీశాడు, నాలుగు కింద పడ్డాయి. మూడో వారానికి గిన్నె ఖాళీ అయింది. ఒకరోజు ఆయన్ను కళ్లు మూసుకోమని ఒక నట్టు వేళ్ల మధ్య పెట్టాను. స్పర్శ ఎంత తిరిగొచ్చిందో చూడాలని. ఆయన దాన్ని కాసేపు తిప్పి "పద్నాలుగు" అన్నాడు. అది పద్నాలుగో నంబరు పానా పట్టే నట్టే. నాలుగు నెలల్లో నేను విన్న నాలుగో మాట. ఇంట్లోంచి సుగుణమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నాడు? ఏమన్నాడు మేడం?"

"పద్నాలుగు" అని మళ్లీ చెప్పాడు ఆయన, ఇందులో వింతేముందన్నట్టు.

పట్టు బలంగా లేనివాళ్లకు సన్నటి పిడి కంటే లావు పిడి పట్టుకోవడం సులువు. పానాలకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాను. తలుపులకు ఉప్పుకాగితం రాయడం భుజానికి, మోచేతికి వ్యాయామం. స్టూలు మీద నుంచి లేచి టైరు నట్టు బిగించి మళ్లీ కూర్చోవడం కాలికి వ్యాయామం. ఇలా ప్రతి పని పక్కనా అది ఏ కండరానికో నా పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆయన మాత్రం బండి ఎంతవరకు వచ్చిందో చూసుకునేవాడు. జూలై ఆఖరుకు ఇంజను పైభాగం విప్పి, బిగుసుకుపోయిన పిస్టన్లు బయటికి తీశారు. ఆగస్టులో ఖాదర్ బాషా నేల రేకు తుప్పంతా కోసి కొత్తది వెల్డింగ్ చేశాడు. గడువు ఇచ్చిన రెండు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. పాత ఇనుమాయన మళ్లీ వస్తే సుగుణమ్మే గేటు దగ్గర నుంచి పంపించేసింది.

ఇక నా తప్పు చెప్పాలి. సెప్టెంబరులో ఇంజను తిరిగి బిగించే పని మొదలైంది. పైభాగం బోల్టులు బాగా గట్టిగా బిగించాలి. అవి తానే బిగిస్తానని రత్నమన్న పట్టుబట్టాడు. వేళ్లు అంత బాగా పట్టుకుంటుంటే చూసి నేనూ మురిసిపోయి సరే అన్నాను. పొడవాటి పానాను రెండు చేతులతో పట్టి లాగాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో బోల్టు దగ్గర కేక వేసి భుజం పట్టుకున్నాడు.

పక్షవాతం వచ్చిన భుజంలో ఎముకను గూట్లో పట్టి ఉంచే కండరాలు బలహీనంగా ఉంటాయి. ఎముక కొంచెం కిందికి జారుతుంది. దాన్ని సబ్‌లక్సేషన్ అంటాం. ఆ భుజంతో గుంజి లాగించకూడదని మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. నేను వేళ్లను చూస్తూ భుజాన్ని మరిచిపోయాను. ఆయన మొండితనం మీద నెట్టడానికి లేదు. వద్దని చెప్పాల్సిన మనిషిని నేనే.

సుగుణమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇంగ చాలు మేడం" అని మాత్రం అంది. కడపలో డాక్టరు చూసి, ఎముక విరగలేదు, నరం తెగలేదు, భుజానికి పట్టీ వేసి విశ్రాంతి ఇవ్వమన్నారు. నన్ను పక్కకు పిలిచి మందలించారు. తలొంచుకుని విన్నాను. మరుసటి శనివారం వెళితే గేటుకు లోపలినుంచి గొళ్లెం వేసి ఉంది. బయట నిలబడే "అక్కా, తప్పు నాదే" అన్నాను. గేటు తెరుచుకోలేదు. ఖాదర్ బాషా లేత్ షాపుకు పోయి బెంచీ మీద కూర్చుంటే ఆయన టీ తెప్పించాడు.

"చూడమ్మా" అన్నాడు. "నా దగ్గర ముప్పైయేండ్లలో ఎన్ని ఇనుములు విరిగినాయో లెక్కలేదు. విరిగినప్పుడు యాడ బరువు పడిందో చూసుకోవల్ల. చూసుకుని మళ్లా చేయల్ల. అంతే."

ఆ బెంచీ మీదే ఇద్దరం బొమ్మ గీశాం. పానాకు ఒక పొడవాటి గొట్టం తొడిగి, దాని చివర అడ్డంగా పిడి పెట్టాలి. అది నడుము ఎత్తున ఉంటే భుజంతో లాగే పని ఉండదు. రెండు చేతులూ కిందికే ఉంచి ఒంటి బరువుతో నెట్టొచ్చు. ఆయన దాన్ని రెండు రోజుల్లో తయారు చేశాడు.

రెండు వారాలు గడిచాక నాకు ఫోను వచ్చింది. సుగుణమ్మ. "ఎప్పుడొస్తావు పాపా?" అంది. అప్పటిదాకా నన్ను మేడం అనే పిలిచేది. "గోడ పక్కకు తిరిగి పండుకుంటాండాడు. నొప్పి తగ్గిందంట, డాక్టరు కూడా చెప్పినాడు. ముందు మాదిరి అన్నం దగ్గర మొండి చేస్తాండాడు. నేను మళ్లా ఆ మనిషిని చూడలేను. వచ్చి నీ పని చేసుకో. కానీ జాగ్రత్త, ఈసారి నేను ఊరుకోను."

ఆ తర్వాత ప్రతి పనికీ ముందు భుజం చూసేదాన్ని, తర్వాతే చేయి. మిగిలిన బోల్టులన్నీ ఆ కొత్త పిడితోనే బిగించాడు. బ్రేకులు, వైరింగు, సీటు కుట్టు ఒక్కొక్కటీ అయ్యాయి. బండికి ముదురు నీలం రంగు కొట్టారు. ఈ రంగే కావాలని డబ్బా మూత మీద వేలు పెట్టి చూపించింది సుగుణమ్మే.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఇంజను మొదటిసారి స్టార్ట్ చేయాలనుకున్నారు. ఖాదర్ బాషా లోపల కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను గిర్రున తిరిగింది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. అదే శబ్దం. నాలుగైదుసార్లు అయ్యాక దిగొచ్చాడు.

"బ్యాటరీ దిగిపోయింది రత్నం. సార్జింగు పెట్టి రేపు చూద్దాం."

రత్నమన్న తల అడ్డంగా ఊపాడు. చెవి బానెట్ వైపు పెట్టి, "అది... అది..." అన్నాడు. మాట దొరకలేదు. ముఖం ఎర్రబడింది. బుగ్గలు ఉబ్బించి 'ఉఫ్' అని ఊదాడు. మళ్లీ ఊదాడు. ఖాదర్ బాషాకు, నాకు అర్థం కాలేదు. ఆయన మమ్మల్ని వదిలేసి బంపర్ పట్టుకుని ముందుకు పోయాడు. నేను నడుము పట్టీ అందుకున్నాను.

తర్వాత నాకు వివరించి చెప్పింది ఖాదర్ బాషా. డీజిల్ పైపులో గాలి చిక్కుకుంటే ఇంజనుకు డీజిల్ అందదు. ఆ గాలి బయటికి పోవాలంటే ఒక చేత్తో చిన్న పంపు నొక్కుతూ, రెండో చేత్తో ఫిల్టరు మీదుండే చిన్న స్క్రూను సరిగ్గా సమయానికి తెరిచి మూయాలి. రెండు చేతులూ ఒకేసారి పని చేయాలి. ఆ స్క్రూను బొటనవేలు, చూపుడువేలు మధ్యే పట్టుకోవాలి. దాన్ని మేం పించ్ గ్రిప్ అంటాం. చేతికి అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చే పట్టు అది. అప్పటిదాకా రత్నమన్న నట్లు ఎత్తి పెట్టాడే గానీ, అంత సన్నటిదాన్ని వేళ్లతో తిప్పగలగడం నేను చూడలేదు.

సంగతి అప్పటికి గ్రహించిన ఖాదర్ బాషా "జరుగు, నేను చేస్తా" అని చేయి పెట్టబోయాడు. రత్నమన్న మోచేత్తో తోసేశాడు. ఎడమచేయి పంపు మీదికి పోయింది. కుడిచేయి నెమ్మదిగా స్క్రూ మీదికి పోయింది. ఒకసారి జారింది. రెండోసారీ జారింది. నా చేయి కూడా దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి లాక్కున్నాను. మూడోసారి వేళ్లు పట్టుకున్నాయి. స్క్రూ తిరిగింది. సందులోంచి బుడబుడమని నురగ వచ్చింది. ఆయన పంపు నొక్కుతూనే ఉన్నాడు. నురగ పోయి తేటగా డీజిల్ కారింది. స్క్రూ మూశాడు. నుదుటి మీద చెమట చుక్కలు కళ్లలోకి జారుతున్నా తుడుచుకోలేదు. ఖాదర్ బాషా వైపు గడ్డం ఎగరేశాడు.

తాళం తిప్పగానే ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ ఒక ముద్ద వదిలి, అందుకుంది. రేకుల పందిరంతా అదిరింది. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. రత్నమన్న వెనక్కి తిరిగి, స్నేహితుణ్ణి నిలువునా చూసి, స్పష్టంగా, గట్టిగా అన్నాడు:

"బ్యాటరీ అంట! బ్యాటరీ!"

సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "ఎక్కిరిస్తాండాడు పాపా, ఎక్కిరిస్తాండాడు! మా ఆయప్ప మళ్లా వచ్చినాడు!"

ఆ సాయంత్రం వాళ్ల వీధిలోనే చర్చి గేటుదాకా పోయి వచ్చారు. ఖాదర్ బాషా నడిపాడు. మధ్యలో సుగుణమ్మ, పక్కన రత్నమన్న. నేను వాకిట్లో నిలబడి చూశాను. పరీక్ష పాసైన రోజు కూడా నాకు అంత గర్వంగా అనిపించలేదు.

జరిగింది జరిగినట్టే చెప్పాలి. ఆ చేయి మునుపటి చేయి కాలేదు. ఇప్పటికీ చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే సుగుణమ్మ కావాలి. డ్రైవింగుకు నేను ఒప్పుకోలేదు, డాక్టరూ ఒప్పుకోలేదు. బండికి కాగితాలు సరిచేయించాక ఖాదర్ బాషా దాంట్లో లేత్ షాపు సరుకు తెస్తాడు, రత్నమన్న పక్క సీట్లో కూర్చుంటాడు. చేతికర్ర వదిలేశాడు. మాటలు చిన్న చిన్నవిగా వస్తున్నాయి, కోపమొస్తే పెద్దవి కూడా. పొద్దున పూట షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంటే డ్రైవర్లు బండి తెచ్చి ఇంజను ఆన్ చేసి చూపిస్తారు. ఆయన విని ఫలానా చోట తప్పుందని చూపుడువేలు పెడతాడు. కుడిచేతి చూపుడువేలు.

నా పుస్తకంలో 'పట్టుదల లేదు' అని రాసిన పేజీ ఇంకా అలాగే ఉంది. కొట్టేయలేదు. ఇప్పుడు కొత్త కేసు ఏది వచ్చినా చేయి పట్టుకోకముందే కూర్చుని, ఏం పని చేసేవారు, ఏది సగంలో ఆగిపోయింది అని అడుగుతాను. ఆ మధ్య రాయచోటి నుంచి ఆసుపత్రికి వచ్చిన ఒకామె చాలాసేపు ఆలోచించి, రొట్టెలు తట్టేదాన్నని చెప్పింది. మరుసటి రోజు జొన్నపిండి ముద్దతో మొదలుపెట్టాం. అడిగిన ప్రతిసారీ ఇలా జరగదు. ఏమీ వద్దు, నన్ను వదిలేయండి అన్నవాళ్లూ ఉన్నారు. అప్పుడు వాళ్ల ఇంట్లోవాళ్లను అడుగుతాను, వాళ్ల స్నేహితుల్ని అడుగుతాను.

రత్నమన్న దగ్గర మొదటి మూడు నాలుగు నెలలు నేను చాలా శ్రద్ధగానే పని చేశాను. ఒక కుడిచేయికి చేయాల్సిందంతా చేశాను. అది మెకానిక్ చేయి అని మాత్రం ఆలోచించలేదు.